మెలకువలో ఎంత మెలకువ?

నిద్ర మీద పరిశోధనకు అమెరికాలో బాట వేసినవాళ్లలో విలియం డిమెంట్ ఒకరు. ఆయన చేసిన ఒక ప్రయోగం చూడ్డానికి చాలా చిన్నది. ఒక యువకుణ్ణి పడుకోబెట్టి, రెప్పలు మూతపడకుండా టేపు అంటించారు. కళ్లకు ఎదురుగా కాంతివంతమైన లైటు పెట్టారు. లైటు మెరిసినప్పుడల్లా చేతిలో ఉన్న స్విచ్ నొక్కాలి, అంతే పని. కాసేపు అంతా సజావుగానే సాగింది. ఉన్నట్టుండి ఒకసారి లైటు మెరిసినా వేలు కదల్లేదు. ఎందుకు నొక్కలేదని అడిగితే, లైటు రాలేదు కాబట్టి నొక్కలేదన్నాడు. అతని మెదడు తరంగాల గ్రాఫ్ మాత్రం వేరే సంగతి చెప్పింది. లైటు మెరిసిన ఆ క్షణానికి అతను నిద్రలోకి జారిపోయాడు. కళ్లు బార్లా తెరిచే ఉన్నాయి, వెలుగు కంటి లోపలికి వెళ్లింది, అయినా చూసినవాడు లేడు.

లైటు కనబడకపోవడం ఇందులో పెద్ద వింతేమీ కాదు. అతని జవాబులో ఉన్న ధీమాయే అసలు విషయం. ‘నిద్ర పట్టేసినట్టుంది’ అని అనుమానం కూడా రాలేదు. లోపం తన మెలకువలో ఉంటే, దాన్ని లైటు మీదికి నెట్టాడు. సైకాలజీ మొదటి సంవత్సరం పుస్తకాల్లో చైతన్య స్థితులు, అవధానం (అంటే ఒకదాని మీద శ్రద్ధ నిలపడం), నిద్ర అని మూడు విడి విడి అధ్యాయాలుంటాయి. విద్యార్థులు వాటిని విడిగానే చదివి, విడిగానే పరీక్ష రాస్తారు. కానీ ఈ మూడింటినీ కలిపే దారం ఒకటుంది: మన మెలకువ ఎంత పల్చబడిందో కొలవాల్సింది కూడా అదే మెలకువ. అది మసకబారితే కొలతా మసకబారుతుంది.

మెలకువ, కల, గాఢనిద్ర అన్న విభజన మనకు కొత్తది కాదు. పన్నెండే మంత్రాలున్న మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి అని మూడు అవస్థలు చెప్పి, వాటికి ఆధారంగా నాలుగోదైన తురీయాన్ని చెప్పింది. అది ఆత్మవిచారం కోసం చేసిన విభజన. ల్యాబులో తేలిన విషయాలతో దానికి ముడిపెట్టి, అన్నీ మనవాళ్లు ముందే చెప్పారనడం రెండింటికీ అన్యాయమే. అయితే కలను, గాఢనిద్రను వేరు వేరు స్థితులుగా చూడాలన్న పరిశీలన మాత్రం గట్టిది. మెదడు తరంగాల సాక్ష్యంతో ఆ తేడాను చూపించడానికి పాశ్చాత్య విజ్ఞానానికి 1953 దాకా పట్టింది. పాశ్చాత్య మనోవిజ్ఞానంలో విలియం జేమ్స్ 1890లోనే చైతన్యం ఆగకుండా పారే ప్రవాహం లాంటిదన్నాడు. ఆ ప్రవాహంలో ఏది పైకి తేలుతుంది, ఏది అడుగున కొట్టుకుపోతుంది అన్నది తేల్చేది అవధానం.

అవధానం మీద ప్రయోగాలు ఊపందుకున్నది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్‌కు రాడార్ ముందు కూర్చునే సైనికుల సమస్య ఎదురైంది. తెర మీద గంటల తరబడి ఏమీ ఉండదు, వచ్చే చిన్న చుక్కే ప్రాణాంతకం కావచ్చు. ఆయన గడియారం లాంటి పరికరం తయారు చేయించి, ముల్లు అప్పుడప్పుడూ ఒక అడుగుకు బదులు రెండడుగులు దూకేలా పెట్టాడు. ఆ దూకుడును పట్టుకోవాలి. అరగంట దాటేసరికే మనుషులు దూకుళ్లను వదిలేయడం మొదలైంది. వాళ్లెవరూ నిద్రపోలేదు, సోమరిపోతులూ కాదు. ఏమీ జరగని చోట చూపు నిలపడం మెదడుకు చాలా బరువైన పని, అంతే. వాచ్‌మన్‌ను తిట్టేముందు ఈ ఫలితం గుర్తుచేసుకోవడం మంచిది.

1953లో కోలిన్ చెర్రీ మరో కోణం పట్టుకున్నాడు. హెడ్‌ఫోన్లలో ఒక్కో చెవికి ఒక్కో సందేశం వినిపించి, ఒకదాన్ని మాత్రం విన్నది విన్నట్టు పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు పోయి ఆడ గొంతు వస్తే జనం గుర్తుపట్టారు. కానీ ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చిన సంగతి చాలామందికి తెలియలేదు. శబ్దం తీరు లోపలికి వెళ్తోంది, అర్థం గడప దగ్గర ఆగిపోతోంది. దీన్నిబట్టి డోనల్డ్ బ్రాడ్‌బెంట్ 1958లో వడపోత సిద్ధాంతం చెప్పాడు. మరుసటి ఏడాదే నెవిల్ మోరే దానికి చిల్లు పెట్టాడు. పట్టించుకోని చెవిలో సొంత పేరు వినిపిస్తే దాదాపు మూడోవంతు మంది విన్నారు. అర్థం మొత్తం ఆగిపోతే పేరు మాత్రం ఎలా దూరింది? వడపోత గోడలా అడ్డం నిలవదని, పట్టించుకోని వాటి బలాన్ని తగ్గించి పంపుతుందని, మనకు బాగా ముఖ్యమైనవి ఆ తగ్గిన బలంతోనే పైకి వస్తాయని ఆన్ ట్రీస్‌మన్ వివరించింది. నేటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచిన వివరణ ఇది.

చూపు విషయంలో 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, మధ్యలోంచి నడిచిపోయిన గొరిల్లా వేషధారి సుమారు సగం మందికి కనబడలేదు. సరదాగా చెప్పుకుని వదిలేసే ఈ ముచ్చటకు 2013లో సీరియస్ కొనసాగింపు వచ్చింది. ఊపిరితిత్తుల స్కాన్లలో కణుతులు వెతికే 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చిన చిత్రాల్లో, సగటు కణితి కంటే 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మ చేర్చారు. 20 మందికి అది కనబడలేదు. కంటి కదలికలను రికార్డు చేస్తే, చూడలేదన్నవాళ్లలో ఎక్కువమంది చూపు నేరుగా ఆ బొమ్మ మీదే పడింది. అనుభవజ్ఞులు, పూర్తి మెలకువలో, తమ సొంత విద్యలో ఉన్నారు. డిమెంట్ ల్యాబులో టేపు అంటించుకున్న యువకుడికీ వీళ్లకీ మధ్య దూరం అనుకున్నంత లేదు.

ఇక్కడ తెలుగువాళ్లు తప్పక గుర్తుచేసుకునేది అష్టావధానం. సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, అక్షరం అక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరి పృచ్ఛకులు, మధ్యలో ఏదో ఒకటి అడిగి దారి మళ్లించే అప్రస్తుత ప్రసంగి, వీళ్లందరినీ అవధాని ఒకేసారి పట్టించుకుంటాడని చూసేవాళ్లకు అనిపిస్తుంది. జాగ్రత్తగా గమనిస్తే జరిగేది వేరు. ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పృచ్ఛకుడి దగ్గర ఒక్కో పాదం పూర్తిచేసి, మిగతా పద్యాన్ని జ్ఞాపకంలో పెట్టుకుని పక్కవారి దగ్గరికి వెళ్తాడు. అంటే అవధానం మారుతూ ఉంటుంది, ధారణ నిలిచి ఉంటుంది. ఛందస్సు ఏళ్ల సాధనతో ఒంటబట్టి ఉంటుంది కాబట్టి గణాల లెక్కకు వేరే శ్రద్ధ ఖర్చు కాదు. నిజంగా సమాంతరంగా సాగే పని ఘంటాగణనం. పద్యం నడుస్తుండగా ఎవరో అప్పుడప్పుడూ కొట్టే గంటలను లెక్కపెట్టి చివర్లో చెప్పాలి. అది చేయగలగడం గొప్ప విద్య. అయితే ఒక పని వేళ్లకో నాలుకకో అలవాటైపోతే తప్ప రెండో పనికి చోటు దొరకదన్న సూత్రాన్ని అవధానవేదిక కూడా దాటదు.

బండి నడుపుతూ ఫోన్ మాట్లాడేవాళ్లు దాటేశామనుకునేది ఈ సూత్రాన్నే. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్, విలియం జాన్‌స్టన్ 2001లో చూపించిందేమిటంటే, డ్రైవింగ్‌లాంటి పనిలో ఉన్నవాళ్లు ఫోన్‌లో మాట్లాడుతుంటే ఎర్ర సిగ్నళ్లను వదిలేయడం రెట్టింపైంది. ఫోన్ చేతిలో ఉన్నా, చెవికి తగిలించుకున్నా తేడా రాలేదు. బ్లూటూత్ పెట్టుకున్నాం కదా అన్న ధైర్యానికి ఆధారం లేదు.

నిద్ర సంగతికొస్తే, జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్ తరంగాలను 1924లో నమోదు చేసి 1929లో ప్రచురించకముందు నిద్రను బయటినుంచి చూడటమే తప్ప లోపలికి తొంగిచూసే వీలు లేదు. షికాగోలో నథానియెల్ క్లైట్‌మన్ దగ్గర పరిశోధక విద్యార్థిగా ఉన్న యూజీన్ అసెరిన్‌స్కీ, ఒక పాత యంత్రానికి తన ఎనిమిదేళ్ల కొడుకును కలిపి రాత్రంతా గ్రాఫ్ తీశాడు. పిల్లాడు గాఢంగా నిద్రపోతున్నాడు, పెన్నులు మాత్రం కళ్లు చకచకా కదులుతున్నట్టు గీస్తున్నాయి. యంత్రం పాడైందేమోనని మొదట అనుమానం. యంత్రం బాగానే ఉంది. ఆ కదలికల సమయంలో మనుషులను 27 సార్లు లేపితే 20 సార్లు వివరంగా కల చెప్పారు. 1953లో వచ్చిన ఆ చిన్న పరిశోధనాపత్రంతో రెమ్ (ర్యాపిడ్ ఐ మూవ్‌మెంట్, అంటే కళ్లు చకచకా కదిలే) నిద్ర లోకానికి తెలిసింది. మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటూ, ఒళ్లు మాత్రం చచ్చుబడినట్టు ఉండే ఈ దశను ఫ్రాన్స్‌లో మిషెల్ జువే విరోధాభాస నిద్ర అన్నాడు.

ఇప్పుడు దశల లెక్క స్థిరపడింది. తేలికపాటి మొదటి దశ, రాత్రిలో దాదాపు సగం ఆక్రమించే రెండో దశ, పెద్ద పెద్ద నెమ్మది అలలతో ఉండే గాఢమైన మూడో దశ, ఆ తర్వాత రెమ్. సుమారు 90 నిమిషాలకో చుట్టు. ప్రతి చుట్టూ ఒకేలా ఉండదన్నది చాలామంది గమనించని సంగతి. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. రెమ్ తెల్లవారేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి నాలుగింటికి అలారం పెట్టుకుని లేచేవాళ్లు కోల్పోయేది అన్ని దశల్లోంచీ సమానంగా పోదు. ఎక్కువగా రెమ్‌లోంచే కోతపడుతుంది.

స్థితుల మధ్య గీత ఎంత పలుచనో రెండు వైపులనుంచీ చూడొచ్చు. నిద్రలోనూ అవధానం పూర్తిగా ఆరిపోదు. 1960లో ఇయాన్ ఆస్వాల్డ్ బృందం నిద్రపోతున్నవాళ్లకు పేర్ల జాబితా వినిపిస్తే, సొంత పేరు వచ్చినప్పుడు మెదడు తరంగాల్లో ప్రత్యేకమైన స్పందన కనిపించింది. మోరే ప్రయోగంలో పట్టించుకోని చెవిలోంచి దూరిన పేరే, ఇక్కడ నిద్ర తెరలోంచీ దూరింది. చంటిబిడ్డ కదిలితే లేచే తల్లి, వీధిలో లారీ హారన్‌కు కదలకపోవడం వెనక ఉన్నదీ ఇలాంటి ఏర్పాటే.

రెండోవైపు, నిద్రలోని ముక్కలు మెలకువలోకి చొరబడతాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చి, చుట్టూ గది కనబడుతూ, కాలూచేయీ కదలక, ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు, నోరు పెగలనట్టు అనిపించడం ఎందరికో అనుభవం. ఊళ్లల్లో దయ్యం పట్టిందనో, పిశాచం కూర్చుందనో అంటారు, మంత్రం వేయిస్తారు. రెమ్ నిద్రలో కలకు తగ్గట్టు ఒళ్లు ఆడకుండా మెదడుకాండం కండరాలను సడలించి ఆపుతుంది. ఆ కట్టు విడిపోకముందే మెలకువ వస్తే పక్షవాతంలా అనిపిస్తుంది, కల తాలూకు భయం గదిలోకి వచ్చేస్తుంది. నిమిషాల్లో పోతుంది, ప్రమాదం లేదు. నిద్ర తక్కువైనప్పుడు, వేళలు తప్పినప్పుడు ఎక్కువగా వస్తుంది. ఇది తెలియక భయంతో నలిగిపోయే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పినా ఎంతో ఊరట.

నిద్ర ఎప్పుడు ముంచుకొస్తుందో తేల్చేవి రెండు ప్రక్రియలని అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించాడు. ఒకటి, లేచి ఉన్న ప్రతి గంటకూ పెరిగే నిద్ర ఒత్తిడి. మెదడులో అడెనొసిన్ అనే రసాయనం పేరుకోవడం ఇందులో ముఖ్యమైన భాగం. కాఫీలోని కెఫీన్ అడెనొసిన్ కూర్చునే చోట్లలో తాను కూర్చుంటుంది. అలసట తీరదు, అలసట కబురు అందకుండా ఆగుతుంది. రెండోది, కనుబొమల వెనక లోతుగా ఉండే సుమారు 20 వేల నాడీకణాల గుంపు నడిపే జీవగడియారం. వెలుతురును బట్టి అది రోజూ సర్దుకుంటుంది. రాత్రంతా మేల్కొని ఉన్నవాళ్లకు తెల్లవారుజామున ఈ రెండూ కలిసి కిందికి లాగుతాయి. పేపర్లలో ‘తెల్లవారుజామున’, ‘డ్రైవర్ కునుకుపాటు’ అన్న మాటలు తరచూ పక్కపక్కనే కనబడటానికి కారణం ఇదే.

నిద్ర తగ్గితే ఏమవుతుందన్న ప్రశ్నకు అన్నిటికంటే కలవరపెట్టే జవాబు 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింగెస్ బృందం ఆరోగ్యవంతులైన 48 మందిని తీసుకుని, కొందరిని 14 రోజులపాటు రాత్రికి 8 గంటలు, కొందరిని 6, కొందరిని 4 గంటలే పడుకోనిచ్చింది. పరీక్ష తేలికైనదే. తెర మీద సంకేతం రాగానే బటన్ నొక్కాలి. 6 గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవాళ్ల పొరపాట్లు రోజురోజుకూ పేరుకుంటూ, ఒకటి రెండు రాత్రులు అస్సలు నిద్రపోనివాళ్ల స్థాయికి చేరాయి. మరి నిద్రమత్తుగా ఉందా అని అడిగితే? మొదటి కొన్ని రోజులు కాస్త ఉందన్నారు. తర్వాత ఆ మార్కులు దాదాపు అక్కడే నిలిచిపోయాయి. పనితనం దిగజారుతూనే ఉంది, తమకు అలవాటైపోయిందన్న భావన మాత్రం స్థిరపడింది. ‘నాకు ఐదు గంటలు చాలు’ అనేవాళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. లోపల కొలిచే సాధనం ఆగిపోయిన అంకె చెబుతున్నారు.

ఎందుకిలా అవుతుందో జంతువుల మీద చేసిన పరిశోధన కొంత చూపించింది. 2011లో విస్కాన్సిన్‌లో జూలియో టొనోనీ బృందం, నిద్ర ఆపిన ఎలుకల మెదడులో కొన్ని నాడీకణాలు నిద్రలోలాగా ఉన్నట్టుండి మూగబోవడం గమనించింది. ఎలుక కళ్లు తెరిచే ఉంది, తిరుగుతోంది, మొత్తం మెదడు తరంగాలు మెలకువనే చూపిస్తున్నాయి. చక్కెర బిళ్ల అందుకునే ముందు సంబంధిత భాగంలో కణాలు అలా మూగబోతే పట్టు తప్పింది. 2017లో మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టిన మనుషుల్లోనూ, నిద్రలేమిలో పొరపాటు జరిగే ముందు కొన్ని కణాలు ఆలస్యంగా, నీరసంగా స్పందించాయని తేలింది. మెదడు ముక్కలు ముక్కలుగా కూడా కునుకు తీయగలదన్నమాట. ఏ ముక్క నిద్రపోయిందో మిగతా వాటికి కబురు ఉండదు.

ఇది మన రెండు రాష్ట్రాల్లో ఇద్దరికి నేరుగా తగులుతుంది. మొదట ఇంటర్ పిల్లలు. రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్స్ క్రమశిక్షణగా చలామణీ అవుతున్నాయి. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పైగా ఆ వయసులో జీవగడియారం సహజంగానే ఆలస్యంగా తిరుగుతుందని మేరీ కార్స్‌కాడన్ ఏళ్లపాటు చేసిన పరిశోధన చూపించింది. పదింటికి నిద్ర రాదు, ఐదింటికి మెలకువ రాదు. చదివింది జ్ఞాపకంలో కుదురుకునే పనిలో చాలా భాగం నిద్రలోనే జరుగుతుంది. పుస్తకం ముందు కూర్చున్న పిల్లాడు చదువుతున్నాననే అనుకుంటాడు, పేజీలూ తిరుగుతాయి. మర్నాడు టెస్టులో రాకపోతే ఏకాగ్రత లేదని తిట్లు, ఇంకో గంట ముందు లేపడం. ఇది పిల్లల్ని నిలువునా నష్టపరిచే పద్ధతి. దీన్ని కష్టపడటం అని మెచ్చుకోవడం మానాలి.

రెండోది రోడ్డు. ఆస్ట్రేలియాలో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ 1997లో కొలిచిన ప్రకారం, 17 గంటలు ఏకబిగిన మేల్కొన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుంది. 24 గంటలైతే 0.10 శాతం స్థాయికి. మన దేశంలో చట్టం అనుమతించేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాటాక స్టీరింగ్ పట్టినవాడు చుక్క తాగకపోయినా ఆ గీత దాటేసినట్టే. ఊదించి పట్టుకునే యంత్రం మాత్రం దీనికి లేదు. 80 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్ల కునుకంటే 65 మీటర్లకు పైగా బండిని ఎవరూ నడపలేదని అర్థం.

హైవేల మీద అర్ధరాత్రి లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించే పోలీసుల ఉద్దేశం మంచిదే, ఆగడమూ మంచిదే. నీళ్లొక్కటే చాలవు. బ్రిటన్‌లో లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో లూయిస్ రేనర్, జిమ్ హార్న్ పరీక్షిస్తే, చల్లగాలీ రేడియో ఇచ్చే ఊతం స్వల్పం, అదీ కాసేపే. బాగా పనిచేసింది కెఫీన్, ఆ వెంటనే 15 నిమిషాల లోపు కునుకు. కెఫీన్ ఎక్కడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి ముందు తాగి, తర్వాత కళ్లు మూసుకోవాలి. వాళ్లు వాడిన మోతాదు సుమారు రెండు కప్పుల గట్టి కాఫీ. దాబాలో చిన్న గ్లాసు టీకి అంత బలం ఉండదు. లేచాక కూడా కొన్ని నిమిషాలు మత్తు దిగేదాకా బండి కదపకూడదు. ఇదంతా గమ్యం దగ్గర్లో ఉన్నప్పటి ఆసరా మాత్రమే, రాత్రంతా నడపడానికి లైసెన్సు కాదు.

2025లో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చేదాకా, 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అనేది. అది డ్యూటీ గంటలను లెక్కపెట్టేది. డ్యూటీ ఎక్కేముందు మనిషి ఎన్ని గంటలు లేచి ఉన్నాడన్నది ఆ లెక్కలో ఉండేది కాదు. బండి తీసేముందు ఓనరో సూపర్‌వైజరో ‘నిద్ర వస్తోందా?’ అని అడిగితే ‘లేదు సార్’ అనే జవాబే వస్తుంది, డ్రైవర్ దాన్ని మనస్ఫూర్తిగానే చెబుతాడు. అడగాల్సింది నిన్న ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు అని. ఆ రెండు అంకెల తేడా 6 గంటల లోపుంటే, లేదా దిగేసరికి లేచి 17 గంటలు దాటేలా ఉంటే, ఆ ట్రిప్పుకు రెండో డ్రైవర్‌ను ఎక్కించాలి.